నలభై ఒకటో ఇంటి మూడో పాళీ

మనిషి ఉన్నాడో లేడో తేల్చడానికి దేవుడి మీద ఆధారపడే దుస్థితి మన దేశంలో ఏనాడో తొలగిపోయింది. ఆ పనికి ఇప్పుడు రెండు శాఖలున్నాయి. ఓట్ల శాఖ ఉన్నాడంటుంది. భూముల శాఖ లేడంటుంది. రెండూ గుండ్రటి సీలు వేసే చెబుతాయి కాబట్టి రెండూ నిజమే. ఈ రెండు నిజాల మధ్య ఉన్న ఖాళీలో ఒక బల్ల, ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఇరవై రెండేళ్ళుగా బతుకుతున్నవాణ్ణి నేను. పేరు ఉమాకాంత్. సూరత్‌లో, అమ్రోలి వైపు, జోన్ ఆఫీసు గేటు పక్కన ఫారాలు నింపుతాను. ఫారానికి ఇరవై రూపాయలు, దిద్దుబాట్లుంటే ముప్పై. (దిద్దుబాట్లు ఎప్పుడూ ఉంటాయి.)

ఫారాలంటే నాకు మొదటినుంచీ గౌరవం. పెళ్ళిచూపుల్లో మా ఆవిణ్ణి పేరు, తండ్రి పేరు, శాశ్వత చిరునామా అడిగి ఊరుకున్నాను. ఆమె ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. శాశ్వత చిరునామా అనేది ఎంత పెద్ద ప్రశ్నో ఆమెకు తెలియదు. తాణావాడ వాళ్ళకు తెలుసు.

తాణా అంటే ఇక్కడి మాటలో పడుగు. కరీంనగర్, వరంగల్ వైపు నుంచి మరమగ్గాల పని మీద వచ్చిన మన పద్మశాలి కుటుంబాలు ముప్పై ఏళ్ళ కిందట ఖాడీ ఒడ్డున రేకులు వేసుకుని కూర్చున్న చోటే తాణావాడ. (ఖాడీ అంటే మురుగు కాలువకు ఇక్కడ మర్యాదగా పెట్టుకున్న పేరు.) మూడు వందల పన్నెండు ఇళ్ళు. భూమి రికార్డుల్లో మాత్రం అది పశువుల మేత బీడు. ముప్పై ఏళ్ళలో అక్కడ ఒక్క పశువు మేసిన పాపాన పోలేదు, కానీ రికార్డు ప్రకారం మేత ఒక్కరోజు కూడా ఆగలేదు. ఎన్నికలు దగ్గరపడగానే ఆ ఇళ్ళ తలుపుల మీద నీలం రంగుతో నంబర్లు పడతాయి. ఫలితాలు రాగానే అదే తలుపు మీద ఎర్ర రంగుతో ‘దబాణ్’ అని పడుతుంది. దబాణ్ అంటే ఆక్రమణ. ఒక్కో తలుపు ఇన్ని రంగులు మోసింది కదా, చెదలు ఎందుకు పట్టలేదో ఇప్పుడు అర్థమవుతోంది.

పోయిన ఏడాది ప్రభుత్వానికి జాలి కలిగింది. పాతికేళ్ళకు మించి ఉంటున్నవాళ్ళకు సనద్ ఇస్తామన్నారు. సనద్ అంటే ఈ ఇల్లు నీదే అని సర్కారు రాసిచ్చే కాగితం. అర్హుల్ని తేల్చడానికి నివాస నిర్ధారణ విభాగం పుట్టింది, దానికి ఉప సహాయ నివాస నిర్ధారణాధికారిగా హర్షద్‌భాయ్ వచ్చారు. మెత్తటి మనిషి. ఎవరిమీదా గొంతు లేపరు. లంచం చేత్తో ముట్టరు. అందుకు గంగారాం సేఠ్ ఉన్నాడు.

గంగారాం సేఠ్ ఎవరో చెప్పాలి. ఒకప్పుడు మనవాడే, నలభై ఒకటో ఇంటి సోమలింగం పక్క మగ్గం మీద నిలబడి నేసినవాడే. ఇప్పుడు సమాజ్ లీడర్. తెల్ల చొక్కా, రెండు ఫోన్లు. రింగ్ రోడ్ మార్కెట్లలో చీరలు విడిగా అమ్మరు, కట్టలుగా అమ్ముతారు. ఆ పద్ధతిని ఓట్ల రంగంలోకి తెచ్చిన ఘనత ఆయనదే. తాణావాడ ఓట్లు విడిగా ఎవరికీ దొరకవు, కట్ట మొత్తం కొనాల్సిందే.

సనద్ పథకంలో అవినీతి జరగకూడదని ఏడో నియమం పెట్టారు. సర్వే అధికారికి ఇంట్లో యజమానిగా కనబడిన వ్యక్తి, ఓటర్ల జాబితాలో ఆ ఇంటి యజమానిగా ఉన్న వ్యక్తి ఒక్కరే అయి ఉండాలి. వినడానికి ఎంత చక్కగా ఉంది! చంటిపిల్లాడైనా ఒప్పుకుంటాడు. తాణావాడలో తప్ప దేశంలో ఎక్కడైనా నడిచే నియమం అది.

నలభై ఒకటో ఇల్లే తీసుకోండి. ఒక గది, ఒక మంచం, ఇద్దరు మగవాళ్ళు. సోమలింగం దిన్‌పాళీ, అంటే పగటి షిఫ్టు. పొద్దున ఏడింటికి కార్ఖానాకు పోయి సాయంత్రం ఏడింటికి వస్తాడు. అతని భార్య భాగీరథి. ఆమె తమ్ముడు బుచ్చిరాములు రాత్‌పాళీ. బావ ఇల్లు చేరేసరికి బామ్మర్ది పనిలోకి, బామ్మర్ది ఇల్లు చేరేసరికి బావ పనిలోకి. ఇద్దరూ రోజుకు రెండుసార్లు దారిలో ఎదురుపడి, టిఫిన్ డబ్బా చేతులు మార్చుకుంటారు. మంచం మాత్రం ఎప్పుడూ ఖాళీ ఉండదు. వాడ మొత్తం ఇలాగే పాళీల మీద నడుస్తుంది. అద్దెకు, అన్నానికి గిట్టుబాటు కావాలంటే ఇంకో దారి లేదు.

దీనివల్ల అక్కడ ఒక ఆచారం పుట్టింది. పగలు పండుకున్నవాణ్ణి లేపరు. కూరగాయల బండివాడు ఆ సందులోకి తిరగ్గానే కేక ఆపేసి తక్కెడ పళ్ళెం మీద వేలితో తడతాడు. పిల్లలు గోలీలాడితే గోనెపట్టా పరుచుకుని ఆడతారు. ఆడవాళ్ళు గుమ్మాల్లో కూర్చుని చీరలకు రాళ్ళు అంటిస్తూ, కొట్లాట వచ్చినా గుసగుసగానే తిట్టుకుంటారు. పన్నెండు గంటలు మగ్గాల మోతలో నిలబడి వచ్చినవాడికి ఇంకేమీ ఇవ్వలేకపోయినా ఆ కాస్త నిశ్శబ్దమైనా ఇద్దామని వాడ అంతా కలిసి పెట్టుకున్న కట్టుబాటు అది. నాకు ఆ వాడలో అన్నిటికన్నా నచ్చేది అదే.

అదే వాళ్ళ కొంప ముంచింది.

హర్షద్‌భాయ్ సర్వేకు పొద్దున పదకొండు గంటలకు వచ్చారు. (ఆఫీసు పదిన్నరకు తెరుస్తారు, పదకొండుకు అధికారి తెరుచుకుంటారు.) గుమ్మంలోనే భాగీరథి లేచి పెదాల మీద వేలు పెట్టింది.

“జర మెల్లగ సాబ్. మా తమ్ముడు పండుకున్నడు.”

హర్షద్‌భాయ్ తొంగిచూశారు. మంచం మీద బుచ్చిరాములు గుర్రు పెడుతున్నాడు. పనిరోజున పదకొండు గంటలకు నిశ్చింతగా నిద్రపోయే మనిషి ఆస్తిపరుడే అయి ఉంటాడని ప్రభుత్వ అనుభవం. యజమాని గడిలో ‘బుచ్చిరాములు’ అని రాశారు. భాగీరథి మా ఆయన పేరు సోమలింగం అని చెప్పబోయింది కానీ గుసగుసగా చెప్పడం వల్ల అది ఏ గడిలోకీ ఎక్కలేదు. చివర రిమార్కు: ‘వాడ మొత్తం రహస్యంగా మాట్లాడుకుంటోంది. ఏదో దాస్తున్నారు.’

ఓటర్ల జాబితా రాసే మాస్టారు బడి అయ్యాక, ట్యూషన్లు అయ్యాక, సాయంత్రం ఏడున్నరకు వచ్చారు. అప్పటికి బుచ్చిరాములు పనిలో ఉన్నాడు, సోమలింగం అన్నం తింటున్నాడు. యజమాని సోమలింగం అని రాసుకుపోయారు. మూడు వందల పన్నెండు ఇళ్ళలోనూ ఇదే జరిగింది. రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్క పేరూ కలవలేదు. నూటికి నూరు శాతం అక్రమం! అక్రమాన్ని ఇంత సంపూర్ణంగా పట్టుకున్న సర్వే ఇంతకుముందు లేదని హర్షద్‌భాయ్‌కి శాలువా కప్పారు. (శాలువా గంగారాం సేఠ్ తెచ్చాడు.)

మరుసటి వారం భాగీరథి ఒక కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

“ఉమాకాంతన్నా, గీ కాగితంల ఏం రాసిన్రో జర సదివి చెప్పు. ఇంటికి అంటిచ్చి పోయిన్రు.”

చదివాను. “నలభై ఒకటో ఇంట్ల ఎవ్వరూ ఉంటలేరని రాసిన్రు చెల్లె. ఉన్నట్టు రుజువు జేసుకోకుంటే కూలగొడ్తరట.”

“ఎవ్వరుంటలేరా? మరి అంటిచ్చిన పోరడు చాయ్ ఎవలింట్ల తాగిండు?”

ఈ ప్రశ్నకు ఫారం లేదు. మిగతా వాటికి ఉన్నాయి. నిద్రపోతున్న వ్యక్తి యజమాని కాదని నిరూపించడానికి నిద్ర ధ్రువీకరణ పత్రం దాఖలు చేయాలి. అందులో నిద్రపోతున్న వ్యక్తి నిద్రలో ఉండగా సంతకం చేయాలి, మేలుకుని ఉన్న ఇద్దరు సాక్షులు పక్కన ఉండాలి. బుచ్చిరాములు బుద్ధిమంతుడు, కళ్ళు మూసుకుని సంతకం చేశాడు. సంతకం మరీ కుదురుగా ఉందని తిప్పి పంపారు. రెండోసారి అతను నిజంగానే నిద్రలో ఉండగా భాగీరథి అతని చెయ్యి పట్టుకుని కదిపింది, అప్పుడు సంతకం గీకినట్టుగా వచ్చింది. సర్వే నాటి సంతకంతో పోలడం లేదని తిప్పి పంపారు. (సర్వే నాడు సంతకం తీసుకోలేదు.)

పోనీ రాత్‌పాళీలో పనిచేస్తున్నట్టు కార్ఖానా సేఠ్ నుంచి చీటీ తెమ్మన్నారు. సోమలింగం వెళ్ళి అడిగితే సేఠ్ నిజాయితీగా రిజిస్టరు తీసి చూపించాడట. అందులో మగ్గాలు నలభై ఎనిమిది, మనుషులు సున్నా. మనుషులుంటే పీఎఫ్ కట్టాలి కదా. పదహారేళ్ళుగా ఆ మగ్గాలు వాటంతటవే నడుస్తున్నాయని తెలుసుకుని సోమలింగం తిరిగొచ్చాడు.

“నేన్ ఓట్లల్ల ఉన్న, సర్వేల లేను, కార్ఖాన్ల లేను. గీ మంచంల గూడ సగం రోజే ఉంట,” అన్నాడు నాతో. నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

చివరికి భాగీరథిని తీసుకుని నేనే హర్షద్‌భాయ్ దగ్గరికి వెళ్ళాను. ఆయన ఓపిగ్గా విన్నారు. పునఃపరిశీలనకు ఒక్కటే మార్గం ఉందన్నారు. ఇంట్లో ఉంటున్నామనే వారంతా ఒకే రోజు, ఒకే చోట, పగటివేళ అధికారి కంటికి కలిసి కనబడాలి. మగ్గాలకు సెలవు ఆదివారం. ఆఫీసుకూ ఆదివారమే సెలవు. బావా బామ్మర్దీ కలిసి ఇంట్లో ఉండే ఒక్క రోజునే ప్రభుత్వం కూడా ఇంట్లో ఉంటుంది.

ఆయన గుజరాతీలో చెప్పిందంతా నేను భాగీరథికి తెలుగులో చెప్పాను. (బాధ కొంచెం తగ్గించి చెప్పాను. అనువాదానికి వేరే రేటు లేదు.) ఆమె కాసేపు వేళ్ళు లెక్కపెట్టుకుని, “ఓట్ల దినం కార్ఖానలు బంద్ ఉంటయి గదన్నా?” అంది.

ఇరవై రెండేళ్ళ అనుభవం ఉండి నాకు తట్టలేదు. కార్పొరేషన్ ఎన్నికలు మూడు వారాల్లో ఉన్నాయి. పోలింగ్ రోజు మగ్గాలు ఆగుతాయి, బావా బామ్మర్దీ ఇద్దరూ మేలుకుని ఉంటారు. పైగా తాణావాడ పోలింగ్ బూత్‌లో కూర్చునే ఉద్యోగుల జాబితాలో మన హర్షద్‌భాయ్ పేరుంది! సర్కారు తనంతట తానే నడిచొచ్చి వాడ మధ్యలో, బడి వరండాలో, బల్ల వేసుకుని పొద్దంతా కూర్చోబోతోంది. ఆ మూడు వారాలూ భాగీరథి అందరికన్నా ఆశగా ఎన్నికల కోసం ఎదురుచూసింది. అభ్యర్థులు కూడా అంత ఆశ పెట్టుకుని ఉండరు.

గంగారాం సేఠ్ కూడా చురుగ్గా ఉన్నాడు. కట్ట బరువు పెంచాలి కదా, వాడలో తప్పిపోయిన పేర్లన్నీ జాబితాలో ఎక్కించాడు. బుచ్చిరాములు కూడా నలభై ఒకటో ఇంటి ఓటరయ్యాడు. ఇంటింటికీ చీర పంచాడు. భాగీరథి చీర మడత విప్పి వెలుతురుకు పట్టి, పక్కున నవ్వింది. జానెడుకోసారి పేకలో ఒక పోగు తప్పింది. సోమలింగం నడిపే ఆరో నంబరు మగ్గానికి పాతికరోజులుగా ఉన్న రోగం అది. ఆ బట్టకే కార్ఖానా సేఠ్ సోమలింగం కూలి కోశాడు. ఆ బట్టే రింగ్ రోడ్‌కు పోయి, రంగు పూసుకుని, ప్రజాసేవగా ఇంటికి తిరిగొచ్చింది.

“ఇంటి సంగతేంది సేఠ్?” అని ఆమె అడిగితే గంగారాం గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. “నేన్ మనోణ్ని గాదా వదినా? ముందుగాల ఓట్లెయ్యుండ్రి. ఎన్క నేన్ జూసుకుంట.” ఆయన మాట తప్పలేదు. తర్వాత ఆయనే చూసుకున్నాడు.

పోలింగ్ రోజు ముగ్గురూ తలస్నానాలు చేసి, ఉతికిన బట్టలు వేసుకుని, పొద్దున్నే వరుసలో నిలబడ్డారు. అటు మాట ఇటు తెలుగులో, ఇటు మాట అటు గుజరాతీలో చెప్పడానికి నేను వాళ్ళ వెనకే ఉన్నాను. లోపల హర్షద్‌భాయ్ సిరా సీసా ముందు పెట్టుకుని కూర్చున్నారు. పక్కనున్నాయన జాబితా చదివాడు.

“ఇల్లు నలభై ఒకటి. సోమలింగం, భాగీరథి, బుచ్చిరాములు, పారుల్‌బేన్. పారుల్‌బేన్ వేసి వెళ్ళారు.”

భాగీరథి వేలు చాపినదల్లా ఆగింది. “గా పారుల్‌బేన్ ఎవలు సాబ్? మా ఇంట్ల అట్లాంటోళ్ళు ఎవ్వరు లేరు.”

“మీ ఇల్లు పాళీల మీద నడుస్తుందని మీరే రాసిచ్చారు కదమ్మా,” అన్నారు హర్షద్‌భాయ్, ఆమె వేలికి సిరా పూస్తూ. “ఏ పాళీలో ఎవరుంటారో అన్నీ మీకు తెలుస్తాయా?”

ఆమె తమ్ముడి వైపు తిరిగి, నిజంగానే అనుమానంతో, “మూడో పాళీ గిట్ల పెట్టిన్రారా?” అని అడిగింది. బుచ్చిరాములు తల అడ్డంగా ఊపాడు.

ఆమెకు ఆ సంగతి తేల్చుకునే తీరిక లేదు. అసలు పని ముందుంది. మగవాళ్ళిద్దరికీ సిరా పూయగానే మూడు వేళ్ళూ కలిపి బల్ల మీద ఎత్తి పట్టింది. “సాబ్, జూసుకోండ్రి. గీయన మా ఆయన, గీడు మా తమ్ముడు. ఇద్దర్ని ఒక్క తాన, ఒక్క దినం, పట్టపగలు మీరే జూసిన్రు. ఇగ మేమున్నట్టు రాయుండ్రి.”

హర్షద్‌భాయ్ ముఖంలో నిజమైన విచారం కనబడింది. “చూశానమ్మా. కానీ ఈరోజు పోలింగ్ అధికారిగా చూశాను. నివాస నిర్ధారణాధికారిగా చూడలేదు. ఇవాళ నా కళ్ళు డెప్యుటేషన్ మీద ఉన్నాయి.”

వెనక వరుసలో ఎవరో త్వరగా కానివ్వమన్నారు. ముగ్గురూ ఓటేసి బయటికొచ్చారు. సోమలింగం బడి గోడకు ఆనుకుని, వేలి మీది సిరా వంక చూసుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు. నాకు సిగ్గేసింది.

ఆ రోజు తాణావాడలో పోలింగ్ తొంభై తొమ్మిది శాతం. పెళ్ళికని ఊరెళ్ళిన వాళ్ళు కూడా ఓటేశారు. గంగారాం సేఠ్ కట్ట కొన్నవారు గెలిచారు.

ఫలితాలొచ్చిన పదో రోజున జోన్ ఆఫీసు గోడ మీద సనద్‌ల జాబితా అంటించారు. మూడు వందల పన్నెండు ఇళ్ళు, మూడు వందల పన్నెండు సనద్‌లు. ఒక్కటీ తిరస్కరించలేదు! నేను కళ్ళద్దాలు తుడుచుకుని వేలు పెట్టి దిగుతూ వచ్చాను. నలభై ఒకటో ఇల్లు: పారుల్‌బేన్. (హర్షద్‌భాయ్ గారికి మరదలి వరస అంటారు. నేనైతే అనలేదు.) నలభై రెండు: గంగారాం సేఠ్ కోడలు. నలభై మూడు: ఆ కోడలి చెల్లెలు. నలభై నాలుగు: సేఠ్ గారి డ్రైవర్. ఇలా చివరిదాకా. కంచే చేను మేస్తుందని విన్నాను కానీ, మేత బీడును కూడా మేస్తుందని తెలియదు.

అయితే ఏడో నియమం ఏమైందని మీకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. ఫైలు చూపించమని అడిగాను, పాత పరిచయం కదా, చూపించారు. నియమం అక్షరాలా పాటించారు. దిన్‌పాళీ వాడు రాత్రే దొరుకుతాడు, రాత్‌పాళీ వాడు పగలే దొరుకుతాడు, అందుకే వాళ్ళ పేర్లు కలవలేదు. పారుల్‌బేన్ ఆ ఇంట్లో పగలూ లేదు, రాత్రీ లేదు. అందుకే ఆమె పేరు దగ్గర రెండు జాబితాల్లో ఎక్కడా తేడా రాలేదు.

వారం తిరక్కుండా మూడు వందల పన్నెండు మంది యజమానులకూ ఒకేసారి ఒకే ఆలోచన వచ్చి, స్థలాన్ని ఒకే బిల్డరుకు రాసిచ్చారు. అక్కడ కొత్త చీరల మార్కెట్ వస్తుందట. ముప్పై ఏళ్ళ తర్వాత తాణావాడ చట్టబద్ధమైంది. దబాణ్ అనే మాట ఇక దానికి వర్తించదు. అందులో ఉంటున్నవాళ్ళకే వర్తిస్తుంది.

నిన్న పొద్దున పదకొండు గంటలకు జేసీబీ వచ్చింది. నా బల్ల, నా కుర్చీ కూడా వెంట వచ్చాయి, అక్కడికక్కడే ఫారాలు నింపాలని హర్షద్‌భాయ్ కబురు పెట్టారు. సందు మలుపు దగ్గర డ్రైవర్ హారన్ మీద చెయ్యి వేయబోతుంటే నలభై ఒకటో గుమ్మం నుంచి భాగీరథి పరిగెత్తుకొచ్చింది. తిడుతుందేమో, అడ్డంగా పడుకుంటుందేమో అనుకున్నాను. ఆమె పెదాల మీద వేలు పెట్టింది.

“జర మెల్లగ భయ్యా. రాత్‌పాళీ మనిషి పండుకున్నడు.”

డ్రైవర్ ఒక క్షణం ఆమెను చూసి ఇంజన్ ఆపేశాడు. ఎవరూ చెప్పలేదు, ఏ నియమంలోనూ లేదు. దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, వేపపుల్ల నములుతున్న ఒక ముసలాయన పక్కన కూర్చున్నాడు. కొన్ని నిమిషాలు వాడంతా నిశ్శబ్దంగా ఉంది. ఆ కాసేపు ఎంత బాగుందో చెప్పలేను.

హర్షద్‌భాయ్ చివరి ఫారం నా ముందు పెట్టారు. కూల్చే ముందు తీసుకోవాల్సిన ధ్రువీకరణ. ‘ఈ ఇంట్లో ఎవరూ నివసించడం లేదు’ అని ఆ ఇంట్లో నివసిస్తున్నవారు సంతకం చేయాలి. నింపాను. దీనికి ఇరవై రూపాయలు అడగలేదు. (హర్షద్‌భాయ్ తనంతట తానే ఇచ్చారు. తీసుకున్నాను.)

భాగీరథి కాగితం అందుకుంది. ఇన్ని నెలల్లో ఆమెకూ ఆఫీసు పద్ధతులు ఒంటబట్టాయి. తప్పు సంతకం పెట్టి మళ్ళీ తిరగడం ఎందుకని గుమ్మం వైపు చూస్తూ గొంతు తగ్గించి అడిగింది.

“అన్నా, సాబ్‌ను జర అడుగు. దస్కత్ దిన్‌పాళీ ఆయనది గావాల్నా, రాత్‌పాళీ వానిది గావాల్నా?”

అడిగాను. హర్షద్‌భాయ్ గడియారం చూసుకున్నారు.

“ఎవరిదైనా నడుస్తుంది,” అన్నారు.